పెన్నా ఎండడాన్ని పైనుంచి చూడాలంటే ఏ శాటిలైట్ ఎవరికి పనికొస్తుంది?

వానలు ఒక మోస్తరుగా పడిన ఏడాది సిద్ధవటం వంతెన మీద నిలబడి చూస్తే పెన్నా సన్నబడటం కంటికే తెలుస్తుంది. సంక్రాంతికి సగం ఏట్లో నీళ్ళుంటాయి. శివరాత్రికి అవి రెండు మూడు పాయలవుతాయి. ఉగాదికి ఒక్క పాయ మిగులుతుంది, అదీ అక్కడక్కడా తెగిపోయి మడుగులు కట్టి ఉంటుంది. ఆ తర్వాత వందల మీటర్ల వెడల్పున తెల్లటి ఇసుకే.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. కానీ "ఏ నెలలో ఎండింది? ఎన్ని కిలోమీటర్లు ఎండింది? పదేళ్ళ కింద ఇంతకంటే ఆలస్యంగా ఎండేదా?" అని అడిగితే కంటితో చూసింది చాలదు. అందుకే శాటిలైట్ బొమ్మలు కావాలి. బొమ్మలు ఉచితంగానే దొరుకుతాయి. ఎటొచ్చీ అరడజను శాటిలైట్లున్నాయి, ఏది పట్టుకోవాలో తెలియక చాలామంది మొదట్లోనే ఆగిపోతారు. డిగ్రీ పిల్లలు, విలేకరులు, నీటి సంఘంలో తిరిగేవాళ్ళు నన్ను అడిగేది ఇదే: "ఏది వాడమంటావన్నా?"

జమ్మలమడుగు నుంచి సోమశిల వెనక జలాల దాకా పెన్నాను ఆరేళ్ళుగా ఈ బొమ్మల్లో చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎండాకాలపు పెన్నాకు ఎక్కువమందికి సరిపోయేది సెంటినెల్-2. పాత సంగతులు కావాలంటే ల్యాండ్‌శాట్. రాడార్ శాటిలైట్‌ను ఇసుక ఏటి దగ్గర, అందులోనూ ఎండాకాలంలో, నమ్ముకోవద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది పాయ వెడల్పు. శాటిలైట్ బొమ్మ పిక్సెళ్ళ గడులతో అల్లిన చాప లాంటిది. ఒక్కో గడికి ఒక్కటే రంగు. ఆ గడిలో సగం నీళ్ళు, సగం ఇసుక ఉంటే రెండూ కలిసిపోయి అటూ ఇటూ కాని రంగు వస్తుంది. 30 మీటర్ల పిక్సెల్ అంటే నేల మీద 900 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 22 సెంట్లు. ఆ 22 సెంట్ల మధ్యలోంచి ఎనిమిది మీటర్ల పాయ పోతుంటే అందులో నీళ్ళ వంతు పావు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా మెరిసే ఇసుక. నీళ్ళున్నా బొమ్మ ఇసుక అనే చెబుతుంది. 10 మీటర్ల పిక్సెల్ రెండున్నర సెంట్లే కాబట్టి అదే పాయ అందులో చాలావరకు పడుతుంది.

అందుకని పని మొదలుపెట్టే ముందు ఒకరోజు ఏటికి వెళ్ళి మార్చిలో పాయ ఎంత వెడల్పుందో అడుగులేసి కొలుచుకోండి. కనీసం రెండు పిక్సెళ్ళ వెడల్పుంటేనే ఆ శాటిలైట్‌తో ధైర్యంగా లెక్క చెప్పొచ్చు. ఇది నేను పెట్టుకున్న కొలబద్ద. దీన్ని దాటి పోయిన ప్రతిసారీ తప్పు లెక్కే వచ్చింది.

రెండోది మబ్బులు. పెన్నా విషయంలో చాలామంది గమనించని మంచి సంగతి ఒకటి ఇక్కడుంది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏటికి, కింది భాగంలో పెద్ద నీళ్ళు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పుడు మబ్బులుంటాయి. నీళ్ళు తగ్గడం జనవరిలో మొదలై మే దాకా సాగుతుంది. అప్పుడు ఆకాశం అద్దంలా ఉంటుంది. ఎండటాన్ని చూసేవాళ్ళకు మబ్బుల టెన్షన్ పెద్దగా లేదన్నమాట. "మబ్బుల్లోంచి చూస్తుంది కాబట్టి రాడారే మేలు" అనే మాట గోదావరి వరదకు వర్తిస్తుంది కానీ, వేసవి పెన్నాకు వర్తించదు.

మూడోది ఎంత వెనక్కి చూడాలన్నది. నాలుగోది ఎన్ని రోజులకో బొమ్మ కావాలన్నది. నెలనెలా ఎంత తగ్గిందో చెప్పడానికి నెలకు రెండు మంచి బొమ్మలు చాలు. ఏ వారంలో పాయ తెగిందో పట్టుకోవాలంటే అయిదారు రోజులకోసారి కావాలి. ఇక డబ్బు సంగతి. ఈ పనికి దాదాపుగా ఖర్చు ఉండదు, కానీ సమయం తినేస్తుంది.

| శాటిలైట్ | పిక్సెల్ | నేల మీద | ఎన్ని రోజులకు | మబ్బులుంటే | ఎప్పటి నుంచి | ఖర్చు |
|---|---|---|---|---|---|---|
| సెంటినెల్-2 | 10 మీ., కొన్ని బ్యాండ్లు 20 మీ. | రెండున్నర సెంట్లు | 5 | కనిపించదు | 2015 | ఉచితం |
| ల్యాండ్‌శాట్ 8, 9 | 30 మీ. | 22 సెంట్లు | రెండూ కలిపి 8 | కనిపించదు | పాతవాటితో కలిపి 1980ల నుంచి | ఉచితం |
| సెంటినెల్-1 (రాడార్) | 10 మీ. | రెండున్నర సెంట్లు | ఒక్కోటి 12 | కనిపిస్తుంది | 2014 | ఉచితం |
| రిసోర్స్‌శాట్ లిస్-3 | 23.5 మీ. | 13–14 సెంట్లు | ఒక్కోటి 24 | కనిపించదు | 2003 | ఉచితం |
| ప్లానెట్‌స్కోప్ | 3 మీ. | పావు సెంటు లోపు | దాదాపు రోజూ | కనిపించదు | 2010ల రెండో సగం | డబ్బు కట్టాలి |
| మోడిస్ | 250 మీ. | 15 ఎకరాల పైన | రోజూ | కనిపించదు | 2000 | ఉచితం |

పట్టికలో చివరి వరస చూస్తే మోడిస్ సంగతి ఇంకా చెప్పాల్సిన పని లేదు. ఒక్క పిక్సెల్‌లో పదిహేను ఎకరాలు పడితే పెన్నా పాయ అందులో ఎక్కడుందని వెతుకుతాం? అది సోమశిల లాంటి పెద్ద జలాశయాలకూ, కరువు మ్యాపులకూ పనికొస్తుంది.

సెంటినెల్-2

యూరప్ దేశాల కోపర్నికస్ కార్యక్రమం కింద నడిచే శాటిలైట్లివి. మొదటిది 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో, మూడోది 2024 సెప్టెంబరులో పైకి వెళ్ళాయి. మన మీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో పోతాయి. కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్‌లో ఉచితంగా లాగిన్ చేసుకుని, మ్యాపులో ఊరు వెతికి, తేదీ నొక్కితే బొమ్మ తెరుచుకుంటుంది. ఒక ల్యాప్‌టాప్, మామూలు నెట్ ఉంటే చాలు.

దీని బలం 10 మీటర్ల పిక్సెల్, అయిదు రోజుల రాకడ. జనవరి నుంచి మే దాకా ఎంత లేదన్నా ఇరవైకి పైగా మంచి బొమ్మలు చేతికొస్తాయి. ఎండే తీరును గీత గీసి చూపించడానికి అవి దండి.

నీళ్ళను ఇసుక నుంచి విడదీయడానికి ఎక్కువగా వాడే సూత్రం ఎన్‌డీడబ్ల్యూఐ. శాటిలైట్ వెలుగును రంగుల వారీగా విడివిడిగా కొలుస్తుంది, ఒక్కో రంగు కొలత ఒక బ్యాండ్. పచ్చరంగు బ్యాండ్‌లోంచి కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్‌ను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. నీళ్ళు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తాయి కాబట్టి నీళ్ళున్న చోట విలువ సున్నా కంటే పైన, ఇసుక, చెట్లు ఉన్న చోట కింద ఉంటుంది. సెంటినెల్-2లో ఈ రెండు బ్యాండ్లూ 10 మీటర్లవే. 2006లో వచ్చిన మరో సూత్రం ఎంఎన్‌డీడబ్ల్యూఐ. అందులో నియర్ ఇన్‌ఫ్రారెడ్ బదులు షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ వాడతారు. ఊళ్ళ పక్కన, కట్టడాల పక్కన అది ఇంకా శుభ్రంగా విడదీస్తుంది. కానీ సెంటినెల్-2లో ఆ బ్యాండ్ 20 మీటర్లది. పాయ సన్నగా ఉన్న మార్చి, ఏప్రిల్ నెలల్లో నేను ఎన్‌డీడబ్ల్యూఐ వైపే మొగ్గుతాను. ప్రొద్దుటూరు లాంటి పట్టణం పక్కన మాత్రం రెండూ పెట్టి పోల్చుకుంటాను.

ఇసుక ఏళ్ళలో దీనికి మూడు చిక్కులున్నాయి. ఒకటి, చీలమండ లోతు నీళ్ళు. అడుగున తెల్లటి ఇసుక మెరుస్తుంటే పలచటి నీటి పొర ఉన్నా విలువ సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి "సున్నా కంటే ఎక్కువైతే నీళ్ళు" అని కళ్ళు మూసుకుని పెట్టెయ్యకండి. ఏటికి వెళ్ళి చూసొచ్చిన రోజు బొమ్మ తీసుకుని, మీరు కాలు పెట్టిన పాయ బొమ్మలోనూ కనిపించేలా గీతను, అంటే నీళ్ళను ఇసుక నుంచి విడదీసే విలువను, సర్దుకోండి. ఆ తర్వాత సీజన్ అంతా అదే గీత వాడండి. మధ్యలో మారిస్తే ఎండింది నదా, మీ గీతా అన్నది తేలదు.

రెండోది, మబ్బుల ముసుగు. బొమ్మతో పాటు "ఇక్కడ మబ్బుంది" అని చెప్పే ఒక పొర వస్తుంది. మెరిసే ఇసుకను చూసి ఆ పొర అప్పుడప్పుడు మబ్బనుకుంటుంది. ఏడాది పొడవు బొమ్మలను కంప్యూటర్‌కే వదిలేస్తే ఇసుక తిన్నెలు మాయమైపోయి, నది ఎండిన రోజులే లెక్కలోంచి జారిపోతాయి. ఒకసారి ఏప్రిల్ నెల మొత్తానికీ ఒక్క బొమ్మా మిగలకపోతే అసలేం జరిగిందో తెలుసుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎండాకాలంలో ఆ ముసుగు తీసేసి, బొమ్మలను కంటితోనే ఏరుకోవడం మేలు.

మూడోది, 2022 జనవరి 25. ఆ రోజు నుంచి సెంటినెల్-2 అంకెలకు 1000 కలిపి పంపడం మొదలుపెట్టారు. దాన్ని తీసెయ్యకుండా 2021 వేసవిని 2022 వేసవితో పోలిస్తే నదిలో లేని మార్పు కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో (కోడు రాసి శాటిలైట్ బొమ్మలను నెట్‌లోనే లెక్కలేసే చోటు) పనిచేసేవాళ్ళు "హార్మొనైజ్డ్" అని పేరున్న సంకలనం తీసుకుంటే ఈ గొడవ ఉండదు. బొమ్మలను డౌన్‌లోడ్ చేసుకుని సొంతంగా లెక్కలేసుకునేవాళ్ళే ఇది గుర్తుపెట్టుకోవాలి.

ల్యాండ్‌శాట్

"మా చిన్నప్పుడు ఉగాది దాటినా ఏరు పారేది" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటను సరిచూడగలిగేది ల్యాండ్‌శాట్ ఒక్కటే. అమెరికా వాళ్ళ మొదటి ల్యాండ్‌శాట్ 1972 జులైలో వెళ్ళింది. 30 మీటర్ల బొమ్మలు 1980ల నుంచి ఉన్నాయి. 2008 నుంచి మొత్తం ఉచితం. ఉచిత శాటిలైట్ బొమ్మల్లో ఇంత పొడవాటి చరిత్ర ఇంకెక్కడా దొరకదు.

అయితే ఆ చరిత్రలో చిల్లులున్నాయి. పాత ఏళ్ళకు కొన్ని నెలలు ఖాళీగా ఉంటాయి. ల్యాండ్‌శాట్ 7లో 2003 మే 31న ఒక భాగం పాడైంది. అప్పటి నుంచి అది పంపిన బొమ్మల్లో నల్లటి చారలుంటాయి, బొమ్మలో ఐదో వంతు పైనే పోతుంది. మధ్య భాగంలో మాత్రం చారలుండవు. ల్యాండ్‌శాట్ 5 బొమ్మలు 2011 చివర్లో ఆగిపోయాయి, ల్యాండ్‌శాట్ 8 వచ్చింది 2013లో. కాబట్టి 2012 వేసవికి దొరికేది చారల బొమ్మే. పెన్నా ఆ చారల్ని అడ్డంగా దాటే చోట ఎన్ని కిలోమీటర్లు తడిగా ఉందో చెప్పలేం. అలాంటి ఏడాదిని ఖాళీగానే వదిలెయ్యాలి. రెండు పక్కల ఏళ్ళను చూసి మధ్యలో అంకె పూరించడం తప్పు.

22 సెంట్ల పిక్సెల్ సంగతి ముందే చెప్పాను. దాని వల్ల ల్యాండ్‌శాట్ నదిని అసలు కంటే ముందే "ఎండబెట్టేస్తుంది". సెంటినెల్-2 మార్చి నెలాఖరులో ఎండిందని చెప్పిన చోట ల్యాండ్‌శాట్ రెండు మూడు వారాల ముందే ఎండిందనొచ్చు. అందుకే 1995 వేసవి ల్యాండ్‌శాట్‌ను 2023 వేసవి సెంటినెల్-2 పక్కన పెట్టకూడదు. పెడితే నదికి ఇప్పుడు నీళ్ళు పెరిగాయన్న భ్రమ కలుగుతుంది. పాతదాన్ని పాతదాంతోనే, అంటే ల్యాండ్‌శాట్‌ను ల్యాండ్‌శాట్‌తోనే పోల్చండి. కొత్త ఏళ్ళకు సెంటినెల్-2 వాడుతున్నా పోలిక కోసం ల్యాండ్‌శాట్ లెక్కనూ పక్కన నడిపించండి.

కోడు రాయడం రానివాళ్ళకు ఒక దగ్గరి దారి ఉంది. యూరోపియన్ కమిషన్ పరిశోధన విభాగం ల్యాండ్‌శాట్ బొమ్మలన్నీ జల్లెడ పట్టి 2016లో గ్లోబల్ సర్ఫేస్ వాటర్ అనే మ్యాపు పెట్టింది. 1984 నుంచి ఎక్కడ ఎప్పుడూ నీళ్ళున్నాయి, ఎక్కడ కొన్ని నెలలే ఉన్నాయి, ఎక్కడ కొత్తగా వచ్చాయి, ఎక్కడ పోయాయి అన్నది రంగుల్లో కనిపిస్తుంది. గండికోట, సోమశిల జలాశయాలు అందులో ఎంత స్పష్టంగా ఉంటాయో, ప్రొద్దుటూరు దగ్గర పెన్నా పాయలు అంత చెదురుమదురుగా ఉంటాయి. మొదటి రోజు ఒక గంట చూడటానికి ఇంతకంటే మంచిది లేదు. ఎండిన వారం తేల్చడానికి మాత్రం అది చాలదు.

రాడార్: సెంటినెల్-1, నైసార్

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

రాడార్ శాటిలైట్ తానే తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే బలాన్ని కొలుస్తుంది. మబ్బులు అడ్డు కావు, రాత్రయినా పర్వాలేదు. నిలకడగా ఉన్న నీటి మీద పడిన తరంగం అద్దం మీద పడిన వెలుగులా అవతలికి జారిపోతుంది. తిరిగొచ్చేది తక్కువ కాబట్టి నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. వరద మ్యాపులు ఎక్కువగా ఈ లెక్కతోనే గీస్తారు.

పొడి ఇసుక కూడా అలాగే నల్లగా కనిపిస్తుంది. అది నున్నగా ఉంటుంది, తడి ఉండదు, తిరిగి పంపేది తక్కువ. ఎండిన పెన్నా రాడార్ బొమ్మలో నిండుగా పారుతున్న నదిలా నల్లగా మెరుస్తుంది.

ఈ సంగతి తెలియక, మొదటి ఏడాది ఏప్రిల్‌లో నేను రాడార్ బొమ్మతో మ్యాపు గీసి, ఒక ఊళ్ళో రైతులు కూర్చున్న చోట చూపించాను. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా నీళ్ళున్నాయని నీలి రంగు వేశాను. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "యాడుండాయి నాయనా నీళ్ళు? పొద్దన ఆ ఇసకలోనే కదా నేను నడ్సుకుంటా వచ్చింది" అన్నాడు. కాళ్ళకింకా ఇసుక అంటుకునే ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళి అదే వారం సెంటినెల్-2 బొమ్మ తీసి చూస్తే నేను నీలి రంగు వేసిన చోటంతా తెల్లగా ఉంది.

అంటే రాడార్ వద్దని కాదు. పెన్నాలో దాని పని వేరే నెలల్లో ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వారాల తరబడి మబ్బు విడవదు. నీళ్ళు మొదట ఎప్పుడొచ్చాయి, వరద ఎంత దూరం పరుచుకుంది అన్నది అప్పుడు రాడారే చెప్పగలదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పటిలాంటి రోజులకు అది కావాలి. అప్పుడు కూడా వేసవి రాడార్ బొమ్మ ఒకటి ముందు తీసి పెట్టుకుని, అందులో నల్లగా ఉన్న ఇసుకను తీసేసి చూడాలి. గాలి బాగా వీస్తే నీళ్ళ మీద అలలు లేచి నీళ్ళే తెల్లగా కనిపిస్తాయన్నది ఇంకో సంగతి.

ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. పెన్నా సముద్రంలో కలిసే చోటుకు దక్షిణాన, అదే తీరం మీద నుంచి. 12 రోజులకోసారి ఒకే చోటుకు వచ్చే రాడార్ అది. సెంటినెల్-1 తరంగం అయిదున్నర సెంటీమీటర్ల పొడవుంటే, నైసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు. పొడవాటి తరంగం చెట్లూ తుప్పల కిందికి బాగా చొరబడుతుంది కాబట్టి జమ్ము, సర్కారు తుమ్మ మూసేసిన పాయల దగ్గర నాకు దాని మీద ఆశ ఉంది. పొడి ఇసుక దగ్గర మాత్రం ఏ రాడార్‌తోనైనా ఈ జాగ్రత్త తప్పదు.

మన శాటిలైట్లు: రిసోర్స్‌శాట్, భువన్

హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో విభాగం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భూనిధి సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే రిసోర్స్‌శాట్ బొమ్మలు దొరుకుతాయి. ఇందులో మూడు కెమెరాలున్నాయి. ఆవిఫ్స్ 56 మీటర్లది, అయిదు రోజులకోసారి వస్తుంది. ఒక పిక్సెల్ ముప్పావు ఎకరం పైనే కాబట్టి పెన్నాకు పనికిరాదు. లిస్-3 పిక్సెల్ 23.5 మీటర్లు, ల్యాండ్‌శాట్ కంటే కాస్త మెరుగు. కానీ ఒక్కో శాటిలైట్ 24 రోజులకోసారే వస్తుంది. మార్చిలో ఒకరోజు బొమ్మ తప్పితే మళ్ళీ చూసేసరికి నది ఎండిపోయి ఉంటుంది. లిస్-4 పిక్సెల్ 5.8 మీటర్లు, అంటే సెంటు కంటే తక్కువ. సెంటినెల్-2కు చిక్కని అయిదారు మీటర్ల పాయలను అది గీత గీసినట్టు చూపిస్తుంది. ఏడాదికి ఒకటి రెండు మంచి లిస్-4 బొమ్మలు సంపాదించి, సెంటినెల్-2 లెక్క ఎంత సరిగ్గా ఉందో వాటితో సరిచూసుకోవడం నాకు తెలిసి దాన్ని వాడే మంచి పద్ధతి.

బొమ్మలు చూసుకోవడానికి, జిల్లా సరిహద్దులు, చెరువులు, కాలువలు పైన పరుచుకుని చూడటానికి 2009లో వచ్చిన ఇస్రో మ్యాపుల సైట్ భువన్ బాగుంటుంది. దాన్ని కొలతకు కాక తోవ తెలుసుకోవడానికి వాడండి.

డబ్బు పెట్టి కొనే ప్లానెట్ కంపెనీ బొమ్మలు (పట్టికలోని ప్లానెట్‌స్కోప్) దాదాపు రోజూ వస్తాయి, మూడు మీటర్లు. యూనివర్సిటీలో చదువుకునేవాళ్ళకు, పరిశోధకులకు పరిమితంగా ఉచితంగా ఇచ్చే కార్యక్రమం వాళ్ళకుంది. ఆ అవకాశం ఉంటే వాడుకోండి. లేకపోతే ఊరికే కొనకండి. పెన్నా అంతటినీ కాకుండా ఒక వంతెన దగ్గర పాయ ఏ రోజు తెగిందో చెప్పాల్సిన అవసరం పడినప్పుడే దాని ఖరీదుకు అర్థముంటుంది. గూగుల్ ఎర్త్‌లో కనిపించే పాత బొమ్మలు చాలా తేటగా ఉంటాయి కానీ వాటి తేదీలకు వరస ఉండదు. ఒక ఏడాది జనవరిది, ఇంకో ఏడాది జూన్‌ది పక్కపక్కన పెట్టి "చూడండి ఎలా ఎండిపోయిందో" అని పంచుకునేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఇసుక తవ్విన గుంతలు, మారిన ఒడ్డు చూడటానికి ఆ బొమ్మలు బాగా పనికొస్తాయి.

ఎవరికి ఏది

ప్రాజెక్టు రాయాల్సిన విద్యార్థి గూగుల్ ఎర్త్ ఇంజిన్ నేర్చుకోవడమే మంచిది. చదువుకూ పరిశోధనకూ అది ఉచితం. సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ రెండూ అందులోనే ఉన్నాయి. నది మొత్తం మీద వేసుకోకుండా, రెండు వంతెనల మధ్య పది, పదిహేను కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి. ఒడ్ల వెంబడి ఒక గీత గీసి దాని లోపలే కొలవండి. పెద్ద వరదలొచ్చిన ఏడాది ఆ గీతను మళ్ళీ గీయాలి, ఎందుకంటే ఏరు దారి మారుస్తుంది. నీళ్ళ విస్తీర్ణం ఒక్కటే ఇవ్వకుండా, ఎడతెగకుండా నీళ్ళున్న పొడవెంత, ఎన్ని చోట్ల తెగింది అన్నది కూడా రాయండి. విస్తీర్ణం రెండు మడుగుల్లో కూడా నిండుగా కనిపించొచ్చు. తెగిన చోట్ల లెక్కే నది పరిస్థితి చెబుతుంది.

విలేకరికి కోడు అక్కర్లేదు. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఒకే చోటు, ఒకే తేదీకి దగ్గరగా, నాలుగైదేళ్ళ బొమ్మలు తీసి పక్కపక్కన పెడితే సరిపోతుంది. కానీ వేసే ముందు ఒక్క ఫోన్ కాల్ తప్పనిసరి: పైన జలాశయం నుంచి ఆ వారంలో నీళ్ళు వదిలారా? నెల్లూరు వైపు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. సోమశిల కింద పెన్నాలో వేసవిలో కనిపించే నీళ్ళు ఎక్కువగా వదిలిన నీళ్ళే. సోమశిలకు తెలుగుగంగ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు కూడా వస్తాయి. అక్కడ ఏప్రిల్‌లో ఏరు నిండుగా కనిపించినా, పెన్నా బతికిందని రాయడానికి లేదు. సంగం, నెల్లూరు బ్యారేజీల వెనక నిలిచిన నీళ్ళూ అంతే. నది సొంతంగా ఎండే తీరు చూడాలంటే జలాశయాలకు దూరంగా ఉన్న ముక్కను ఎంచుకోవాలి.

నీటి సంఘంలోనో, ఊరి పంచాయతీలోనో పనిచేసేవాళ్ళకు నేను చెప్పేది ఇంకా తేలిక. నవంబరు నుంచి జూన్ దాకా నెలకు రెండు సెంటినెల్-2 బొమ్మలు. అన్నీ ఒకే రంగుల అమరికలో. నియర్ ఇన్‌ఫ్రారెడ్, ఎరుపు, పచ్చ పెట్టుకుంటే చెట్లు ఎర్రగా, ఇసుక తెల్లగా, నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. వాటిని ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు వరసగా అంటించండి. సూత్రం, అంకెలు ఏమీ లేకుండానే ఊళ్ళోవాళ్ళు దాన్ని చదివేస్తారు. ఎక్కడ ఇసుక తవ్విన గుంతలో నీళ్ళు నిలిచాయో, ఎక్కడ నిజంగా పారిందో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. ఆ రెండింటినీ ఏ శాటిలైటూ విడదీసి చెప్పలేదు. జమ్ము, గుర్రపుడెక్క కప్పేసిన నీళ్ళు బొమ్మలో ఎర్రగా, చేనులా కనిపిస్తాయి. అదీ వాళ్ళకే తెలుస్తుంది.

పెద్ద స్థాయిలో పనిచేసే సంస్థలు సెంటినెల్-2తో పాటు నేల మీది కొలతలు జోడించాలి. కేంద్ర ప్రభుత్వ జలవనరుల సైట్ ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్‌లో నది మట్టాలు, రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థలో జలాశయాల, భూగర్భ జలాల లెక్కలు చూడొచ్చు. 2022 డిసెంబరులో వెళ్ళిన స్వాట్ శాటిలైట్ నీటి మట్టాన్నే కొలుస్తుంది కదా అని కొందరు అడుగుతున్నారు. అది వంద మీటర్ల పైన వెడల్పున్న నదులను ఉద్దేశించింది. సోమశిల మట్టానికి సరే, ఫిబ్రవరి పాయకు కాదు.

బొమ్మకు అందని నీళ్ళు

పైన నీళ్ళు పోయాక కూడా పెన్నా ఇసుక కింద పారుతూనే ఉంటుంది. ఏటి ఇసుకలో బావులు, బోర్లు వేసుకుని తాగునీళ్ళు తెచ్చుకునే ఊళ్ళు బతికేది ఆ నీళ్ళ మీదే. బొమ్మ సున్నా అని చూపించిన రోజు నుంచి అసలు ఎండటం మొదలవుతుందని కూడా అనొచ్చు. దాన్ని కొలవడానికి నాకు తెలిసిన తేలికైన సాధనం చెలమ.

చెలమ తీయడం చూసే ఉంటారు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక పక్కకు తోడుతూ పోతే, ఒక లోతుకు వచ్చేసరికి చేతికి చల్లగా తగులుతుంది. గుంత అడుగున ఇసుక రంగు ముదురుతుంది, అంచుల నుంచి నీళ్ళు ఊరుతాయి. మొదట ఊరిన మడ్డి నీళ్ళు చిన్న గిన్నెతో తోడి పారబోస్తారు. రెండోసారి ఊరినవి తేటగా ఉంటాయి. ఆ తేట నీళ్ళ మట్టం పైన ఇసుక నుంచి ఎన్ని మూరలుందో చూడండి. సెంటినెల్-2 పొద్దున పదిన్నరకు పోతుంది. బొమ్మ వచ్చే తేదీలు ముందే తెలుస్తాయి. ఆ తేదీల్లో, ఆ వేళకు, ఏటా అదే చోట ఒక చెలమ తీసి మూరల లెక్క బొమ్మ వెనకే రాసి పెట్టుకోండి. నా నోటుబుక్కులో పోయినేడాది మార్చి నుంచి బొమ్మల పక్కన వరసగా సున్నాలే ఉన్నాయి. చెలమల పక్కన అర మూర, ముప్పావు, మూరన్నర, మే నెలాఖరుకు రెండు మూరల పైన.